ఆవకాయ ప్రశ్న

మెడ స్కానింగ్‌కి వచ్చిన ఆడవాళ్లని ఈమధ్య నేను అడిగే మొదటి ప్రశ్న ఏ వైద్య గ్రంథంలోనూ లేదు. ప్రోబ్‌కి జెల్ రాస్తూ మాటవరసకి అడిగినట్టు అడుగుతాను: "కొత్తావకాయ జాడీ మూత తీస్తే నోరూరుతోందా అమ్మా?" చాలామంది నవ్వేస్తారు. "ఊరకుండా ఎలా ఉంటుందండీ!" అంటారు. ఎప్పుడో ఒకావిడ నవ్వదు. అప్పుడు నేను కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుంటాను.

ఈ ప్రశ్న నాకు నేర్పినావిడ గోదావరి జిల్లావాసి. యాభై దాటాయి. 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అన్న బోర్డు కింద, నెలలు నిండిన అమ్మాయిల మధ్య, నీళ్ల సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పేరు పిలవగానే లోపలికొచ్చి, "ఈ వయసులో నాకు స్కానింగేంటండీ డాక్టరమ్మగారూ, అందరూ నన్నే చూత్తన్నారు" అని సిగ్గుపడింది. ఆ ఒక్క మాట అనేసరికే నోరు పిడచకట్టుకుపోయింది. సీసా ఎత్తి ఒక గుక్క తాగింది.

కష్టాలు ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. అర్ధరాత్రి నాలుక అంగిలికి అంటుకుపోయి మెలకువ వస్తుంది. జంతిక ముక్క నీళ్లు లేనిదే గొంతు దిగదు. కళ్లలో ఇసుక పోసినట్టుంటుంది. ఒకరు షుగరన్నారు, పరీక్షలో అది లేదని తేలింది. ఒకరు ముట్లుడిగే వయసన్నారు. ఇంకొకరు గ్యాస్ అన్నారు. ఇంట్లోవాళ్లయితే మనాది అని తేల్చేశారు. "ఆవకాయ చూస్తే నోరూరుతుందా?" అని నేను యథాలాపంగా అడిగింది అప్పుడే. "ఊరడం ఎక్కడిదండీ, కలుపుకుంటే నోరంతా మంటెత్తిపోద్ది. మానేసి మూడేళ్లయింది" అంది. గోదావరి జిల్లాలో ఒక మనిషి మూడేళ్లుగా ఆవకాయ ముట్టలేదంటే దాన్ని మించిన రోగలక్షణం ఏముంటుంది!

ఆవిణ్ని పంపింది పళ్ల డాక్టరు. తీపి తినే అలవాటు లేకపోయినా పళ్లు చిగుళ్ల అంచున, మొదళ్ల దగ్గర వరసగా పుచ్చిపోతుంటే ఆయనకి అనుమానం వచ్చింది. చీటీలో, 'రెండు వైపులా లాలాజల గ్రంథులు చూడగలరు, జోగ్రెన్సా?' అని రాశారు.

చీటీతో పాటు ఆవిడ ఒక పాత ఫైలు కూడా తెచ్చింది. అందులో రెండేళ్ల కిందటి స్కాన్ రిపోర్టు ఉంది. కుడి దవడ కింద వాపు వస్తోందని ఎవరో పంపితే తీసినది. 'గ్రంథుల పరిమాణం మామూలుగా ఉంది. రాయి లేదు. గడ్డ లేదు.' కింద సంతకం నాది.

ఆ రిపోర్టుకి అతికించిన బొమ్మ వెలిసిపోయింది గానీ చెరిగిపోలేదు. దాన్ని దీపం కింద పెట్టి చూశాను. గ్రంథి పొడవు కొలవడానికి నేను గీసిన చుక్కల గీత, చిన్న చిన్న నల్ల మచ్చల మీదుగా వెళ్తోంది. రోగం మీద టేపు పరిచి, పొడవు రాసుకుని, బాగానే ఉందని పంపేశానన్నమాట.

ఇప్పుడు మళ్లీ పడుకోబెట్టాను. పొట్ట చూసే వంపు ప్రోబ్ పక్కన పెట్టి, థైరాయిడ్‌కి వాడే తిన్నటి ప్రోబ్ తీసుకున్నాను. లాలాజల గ్రంథుల్లో పెద్దవి మూడు జతలు. చెవి ముందు నుంచి దవడ మూల దాకా పరుచుకున్నది పెరోటిడ్. గవదబిళ్లలు వచ్చినప్పుడు ఉబ్బేది ఇదే. దవడ ఎముక కింద సబ్‌మాండిబ్యులర్, నాలుక కింద ఇంకో చిన్న జత. మేం ముఖ్యంగా చూసేది మొదటి రెండు జతల్ని, అంటే నాలుగు గ్రంథుల్ని. ఆరోగ్యంగా ఉంటే తెర మీద పళ్లెంలో సన్న రవ్వ సమంగా పరిచినట్టు, పక్కనున్న కండ కంటే తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. ఈవిడకి ఆ రవ్వ కాస్తా రవ్వ దోసె అయింది. ఎక్కడ చూసినా చిల్లులు, చిల్లుల మధ్య తెల్లటి చారలు. నాలుగింట్లోనూ అదే తీరు.

ఇది కంచే చేను మేసే జబ్బు. ఒంటిని కాపాడాల్సిన తెల్ల కణాలు ఉమ్మి ఊరే చోట, కన్నీరు ఊరే చోట గుంపులు కట్టి ఆ ఊటల్నే ఎండగడతాయి. ఆ గుంపులు, చెడిపోయిన కణజాలం, వెడల్పైన నాళాలు తెర మీద నల్ల మచ్చలుగా తేలతాయి. జబ్బున్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే. వాళ్లలోనూ నలభై, యాభైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. అంటే, ఏ బాధ చెప్పినా 'వయసు' అన్న ఒక్క మాటతో పంపేయడానికి వీలైనవాళ్లు.

దీన్ని లోకం కళ్ల ముందు పెట్టింది కళ్ల డాక్టరే. స్వీడన్‌కి చెందిన హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన సిద్ధాంత వ్యాసంలో 19 మంది స్త్రీల పొడికళ్లని వివరించాడు. వాళ్లలో 13 మందికి కీళ్ల జబ్బు కూడా ఉందని గమనించి, ఎండిన కన్ను వెనక ఒళ్లంతా పాకిన రోగం ఉందన్నాడు. ఆ వ్యాసానికి విశ్వవిద్యాలయంలో బోధకుడి అర్హతకి చాలినంత శ్రేణి కూడా ఇవ్వలేదు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ జబ్బుని ఆయన పేరుతోనే పిలుస్తోంది. మన దగ్గర నోరు తిరిగినట్టు 'జోగ్రెన్స్' అయింది.

గ్రంథి లోపల ఏం జరుగుతోందో చూడాలంటే ఒకప్పుడు ఉమ్మి నాళంలోకి సన్నటి గొట్టం దూర్చి, మందు ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ మాట వింటేనే దవడ నొప్పి పుడుతుంది. 1992లో ఇటలీలో సాల్వతోరె డి వీటా, ఆయన సహచరులు ఈ రోగుల గ్రంథుల్ని అల్ట్రాసౌండ్‌తో చూసి, నేత ఎంత చెదిరిందో అంచెలుగా లెక్కగట్టారు. తర్వాత ఎవరి లెక్క వాళ్లది అయిపోతే, ఓమెరాక్ట్ అనే అంతర్జాతీయ బృందం 2019లో అందరికీ పనికొచ్చే కొలబద్ద ప్రచురించింది. సాపుగా ఉంటే 0. మచ్చలు లేకుండా కాస్త గరుకుదేరితే 1. అక్కడక్కడా నల్ల మచ్చలు ఉంటే 2. మచ్చలు గ్రంథినంతా కమ్మేసినా, గ్రంథి పీచుగా మారినా 3. ఈ కొలబద్దలో సెంటీమీటర్ల ఊసే లేదు. మన గోదావరి ఆవిడకి నాలుగు గ్రంథులూ 3.

అసలు నన్ను కుదిపింది ఇంకొకటి. ఆ రోజు పొద్దుటి నుంచి పదిమంది థైరాయిడ్‌లు చూశాను. వాళ్లలో ఇద్దరికి హషిమోటో ఉందేమోనని రాశాను. ఎలా పట్టుకున్నాను? గ్రంథి నేత చెదిరి, నల్లటి మచ్చలు పడి ఉండబట్టే. హషిమోటో కూడా కంచే చేను మేసే జబ్బే, పైగా ఈ రెండూ ఒకే మనిషిలో కనబడటం అరుదేం కాదు. అంటే చూసే కన్ను నాకు ఎప్పటినుంచో ఉంది. దాన్ని నాలుగు వేళ్లు పైకి జరపలేదు, అంతే. రెండేళ్ల కిందటి చీటీలో 'రాయా?' అని అడిగారు, నేను రాయినే వెతికాను. దొరక్కపోయేసరికి పని అయిపోయిందనుకున్నాను. మా కళ్లకి చూపుంటే చాలదు, ప్రశ్న కూడా ఉండాలి. ఎవరో ఒకరు అడిగిందాకా కళ్లముందున్నదీ కనపడదు.

అలాగని ఈ యంత్రాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. గెయిన్ మీట కాస్త పెంచితే ఉన్న మచ్చలు తెల్లబడి మాయమవుతాయి, తగ్గిస్తే లేని మచ్చలు పుడతాయి. పెరోటిడ్ లోతట్టు భాగం దవడ ఎముక చాటున దాక్కుంటుంది, మా ధ్వని తరంగాలు ఎముకని దాటి చూడలేవు. సార్కాయిడోసిస్, హెచ్ఐవీ, హెపటైటిస్-సి కూడా ఈ గ్రంథుల్ని మచ్చలమయం చేయగలవు. జబ్బు తొలిరోజుల్లో ఉంటే తెర మీద అంతా సవ్యంగానే కనపడొచ్చు కూడా.

అందుకేనేమో అమెరికా, యూరప్ కీళ్లవాత వైద్యుల సంఘాలు కలిసి 2016లో పెట్టిన లెక్కలో స్కానింగ్‌కి ఒక్క మార్కు కూడా లేదు. రక్తంలో యాంటీ-రో అనే యాంటీబాడీ ఉంటే 3 మార్కులు. కింది పెదవి లోపలి నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, 4 చదరపు మిల్లీమీటర్లలో యాభైకి తగ్గని తెల్లకణాల గుంపు కనీసం ఒకటి ఉంటే ఇంకో 3. కంటి కింది రెప్పలో పెట్టిన కాగితం 5 నిమిషాల్లో 5 మిల్లీమీటర్లకి మించి తడవకపోతే 1. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 0.1 మిల్లీలీటరుకి మించి ఉమ్మి ఊరకపోతే 1. కంటి పొరకి రంగు వేసి చూసే పరీక్షకి ఇంకో 1. మొత్తం 4 రావాలి. స్కానింగ్‌కీ చోటివ్వాలన్న వాదన నిపుణుల్లో బలంగానే ఉంది. నా మటుకు నాకు మార్కులతో పేచీ లేదు. కత్తి, సూది, రేడియేషన్ లేకుండా, పావుగంటలో 'ఈవిడది మనాది కాదు, ఆ రక్తపరీక్ష చేయించండి' అని రాయగలిగితే మా వృత్తికి అదే పెద్ద మార్కు.

చేయించారు. యాంటీ-రో ఉందని తేలింది. కళ్ల పరీక్షా చాలినంత చెప్పడంతో పెదవి కోయాల్సిన పని పడలేదు. కీళ్లవాత డాక్టరు మందులు రాశారు. కంటి చుక్కలు, పళ్లకి ఫ్లోరైడ్ పూత, ఉమ్మి ఊరడానికి పైలోకార్పిన్ బిళ్ల. జబ్బు పూర్తిగా పోయే మందు లేదని ఆవిడకి దాచకుండా చెప్పారు. నా పనీ అయిపోలేదు. ఈ జబ్బున్న ప్రతి వందమందిలో సుమారు అయిదుగురికి ఏదో ఒకనాటికి లింఫోమా వచ్చే ప్రమాదముంది, అది ఎక్కువగా పెరోటిడ్‌లోనే తలెత్తుతుంది. చిన్న మచ్చలన్నీ కలిసి ఒక పెద్ద నల్ల ముద్ద అవుతున్నాయా, ఒక పక్క గ్రంథే పెరుగుతోందా అని చూడటానికి ఆవిడ వస్తూనే ఉంది. ఇప్పుడు టేపూ కావాలి, నేతా కావాలి.

నా కంప్యూటర్లో ముందే రాసిపెట్టుకున్న రిపోర్టు నమూనాలో ఒక వరస చేర్చాను, 'గ్రంథి నేత' అని. అది నింపకుండా రిపోర్టు ముగించను. థైరాయిడ్‌కి వచ్చినవాళ్లకి కూడా ప్రోబ్‌ని దవడ కిందికి జరిపి అర నిమిషం చూస్తాను. చీటీలో ఎవరూ అడగరు.

పోయిన వేసవిలో ఆవిడ స్కానింగ్‌కి వస్తూ చిన్న జాడీ తెచ్చింది. "ఈ ఏడు కూడా నేనే పెట్టానండి. ఉప్పు సరిపోయిందో లేదో మీరే చెప్పాలి, నా నోటికి తెలవట్లేదు" అంది. మూత తీశాను. కొత్త ఆవపిండి ఘాటు గదంతా కమ్మేసింది. నా నోరూరింది. గుటక వేస్తుంటే ఆవిడ నా గొంతుకేసే చూస్తోంది. ఎందుకో ఆ క్షణాన ఆవిడ ముందు సిగ్గేసింది.