వాలి త్రొక్కెడు బండి

బళ్ళారి జిల్లాలో సండూరు తాలూకాకు చెందిన కూరెకుప్ప ఇనుపగనుల సీమలోనిది; తోరణగల్లు ఉక్కు కర్మాగారము దానికి పొరుగు. ఆ ఊరి దారిని పోవు సామాన్యపు సైకిలును చూడుడు: మనుజుని భారము చాలవరకు ఇరుకైన సీటుపైనను, ముందునకు వంగిన మణికట్లపైనను పడుచుండును, ఎదురుగాలి తిన్నగా వచ్చి రొమ్మున తగులుచుండును. నూరేండ్లకు పైబడి ఈ బండి రూపు పెద్దగా మారలేదు గనుక, శరీరమే దానికి ఒదిగియుండవలెనని మనమందరము సమాధానపడితిమి. అట్లు సమాధానపడనివారు కల్పించినదే వాలుసైకిలు.

రికంబెంటు అను పేర ప్రసిద్ధమైన ఈ బండిలో వెన్నునకు పడకకుర్చీవంటి ఆసనముండును. పెడళ్లు నడుము క్రింద గాక, కాళ్లు చాచినచోట నుండును. మేను వాలుటచే గాలికి ఎదురగు వైశాల్యము తగ్గును. వేగము రెట్టింపైనచో గాలిని చీల్చుటకు వలయు శక్తి ఎనిమిది రెట్లగును గావున, ఈ కొద్దిపాటి వాలుటయే గొప్ప లాభము. 1933 జూలై 7న ఫ్రాన్సిస్ ఫోర్, షార్ల్ మోషే నిర్మించిన వెలోకార్ అను వాలుసైకిలుపై ఒక గంటలో 45.055 కిలోమీటర్లు పోయి, 1914 నాటి ఓస్కార్ ఎగ్ రికార్డును దాటెను. మరుసటి యేట అంతర్జాతీయ సైక్లింగు సమాఖ్య సైకిలునకు క్రొత్త నిర్వచనము వ్రాసి, వాలుసైకిలును పందెముల వెలుపల నిలిపెను. పందెమునకు పనికిరాని బండిని పెద్ద కార్ఖానాలు చేయనొల్లవు. అందుచే ఈ విద్య చాలవరకు ఇంటి పంచలలోను, వెల్డింగు కొట్లలోను బ్రతికినది.

పాత సైకిళ్లు రెండింటిని ఒకటి చేయుట అందు తొలిపాఠము. పెద్ద సైకిలు వెనుకభాగము నుంచుకొని, పిల్లల సైకిలు ఇరువది అంగుళముల చక్రమును ముందు అమర్చి, నడుమ ఉక్కుగొట్టము నతుకుదురు. పెడళ్ల ఇరుసును మోయు గొట్టమును మరియొక గొట్టములో దూర్చి, బోల్టు సడలించినచో ముందువెనుకలకు జరుగునట్లు చేయుదురు. ఎక్కువాడు ఆసనమున వెన్నానించి, మడమను పెడలుపై నుంచి, మోకాలు చాగిన చోటు చూచుకొని దానిని బిగించుకొనును. ఒకరి కొలత మరియొకరికి పొసగదు. చైను ఒకటి చాలదు. రెండు మూడింటిని లింకు వేసి కలిపి, ఆసనము క్రిందుగా కప్పీలపై నడిపింతురు. కప్పీ వరుస తప్పెనా, చైను కరకరలాడి ఆ తప్పును తానే చెప్పును.

త్రొక్కుటయు మరల నేర్వవలసినదే. ఒక పెడలును పైకి తెచ్చి, వీపును ఆసనమున కదిమి, ఒక్క త్రోపున బయలుదేరవలెను. రెండవ పాదము నేల విడుచు క్షణమున హ్యాండిలును బిగబట్టినవాడు తూలును, వ్రేళ్లతో తేలికగా పట్టినవాడు సాగును. ఎత్తు వచ్చినప్పుడు లేచి నిలిచి త్రొక్కుటకు వీలులేదు గావున ముందుగనే గేరు తగ్గించుకొనవలెను. లారీల దారిలో ఇంత క్రిందుగా కూర్చున్నవాడు కంటబడుట కష్టము. వెనుక కడ్డీకి జెండా కట్టుట వేడుక కాదు, ప్రాణరక్షణము. ఇంతటి వాలు వలదనువారికి అర్ధశయనపు సైకిలు కలదు: వెన్ను నిటారుగనే యుండును, పెడళ్లు మాత్రము కొంత ముందునకు జరుగును, ఆగినప్పుడు సీటు దిగకయే రెండు పాదములును నేలనానును. మణికట్లు, మెడ నొచ్చువారికి ఇది మేలైన నడిమిబాట.

మేనికి తగినట్లు ఒదిగిన కట్టడమునకు సాక్షిగా హోసపేట చెంత అనంతశయనగుడి యున్నది. కృష్ణదేవరాయల నాటి ఆ ఆలయమున గర్భగృహము చతురస్రము గాదు. పవళించిన స్వామి నిడివికి సాగినది. విగ్రహము నేడు లేకున్నను, పొడవైన ఆ పీఠమును చూచినంతనే, గదిని ముందు కట్టి దేవుని అందులో ముడుచుకొనుమనలేదని తెలియును. ముందుగొట్టపు బోల్టును ఇంకొక మారు సడలించి, కాలు చాచి చూచుకొనువాని విద్యయు అదియే.