చామనఛాయకు ఎన్ని మెట్లు?

ఆల్కహాల్ మార్కర్లు కొనాలనుకుంటున్నాం, ఏ కంపెనీవి మంచివి అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. బొమ్మలు వేసే పిల్లలూ అడుగుతారు, వాళ్ళ తల్లిదండ్రులూ అడుగుతారు. వాళ్ళను నేను తిరిగి అడిగేది ఒక్కటే: ఎవరి బొమ్మలు వేస్తారు? పువ్వులు, కార్లు, మేడలు వేసుకునేవాళ్ళకు చేతికందిన ఏ సెట్టయినా పనికొస్తుంది. మనుషుల్ని వేసేవాళ్ళు మాత్రం కంపెనీ పేరు చూసేముందు తమ చుట్టూ ఉన్న ముఖాలు చూడాలి. కొన్న మార్కర్లలో ఏ ఛాయ లేదో ఆ ఛాయ మనిషి బొమ్మల్లోంచి మెల్లగా తప్పుకుంటాడు. లేదంటే ఉన్న రంగులకు సర్దుకుని, తనది కాని ఒంటితో కనిపిస్తాడు.

నేనుండే రాయ్‌పూర్‌లో ఈ సంగతి తెలుసుకోవడానికి పొద్దున్నే శాస్త్రి బజార్‌లో ఒక పక్కన నిలబడితే చాలు. చుట్టుపక్కల పల్లెల నుంచి కూరగాయలు తెచ్చిన ఆడవాళ్ళు, కొట్లలో సింధీ, గుజరాతీ, మార్వాడీ వ్యాపారులు, బస్తర్ నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్ళు, మన తెలుగువాళ్ళు అందరూ అక్కడే కనిపిస్తారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలుమార్గం ఉత్తరాంధ్ర కుటుంబాలను ఎన్నింటినో ఈ ఊరికి చేర్చింది. పక్కనే భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్ళున్నారు. ఆ రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్న ఆరుగురిని తేరిపార చూడండి. ఆరు రకాల గోధుమరంగులు కనిపిస్తాయి. ఒకరిది పసుపు కలిసిన చామనఛాయ, ఒకరిది ఎరుపు తిరిగిన రాగిరంగు, ఇంకొకరిది కిటికీ పక్క వెలుగు పడగానే నీలంగా మెరిసే నలుపు.

ఈ తేడాలు పట్టుకోవడానికి మార్కర్ మంచి సాధనమే, దాని స్వభావం తెలిసినవాళ్ళకు. ఇందులో ఉండేది ఆల్కహాల్‌లో కరిగిన రంగు. నీళ్ళ స్కెచ్ పెన్నుతో రెండుమూడుసార్లు రుద్దితే కాగితం నూగు లేచిపోతుంది. ఆల్కహాల్ కాగితాన్ని అలా పాడుచెయ్యదు, ఇట్టే ఆవిరైపోతుంది. ఆరిన రంగు మీద మళ్ళీ మార్కర్ నడిపితే కింది పొర కాస్త కరిగి పైదానితో కలుస్తుంది. గీతలు తెలియకుండా నున్నగా వచ్చేది అందుకే. పైగా ఈ రంగు పారదర్శకం. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో పలుచని మేకతోలుకు పట్టిన రంగు వెనక దీపం పెట్టినప్పుడే బతుకుతుంది కదా, ఇక్కడ ఆ దీపం పని కాగితం తెలుపు చేస్తుంది. వెలుగు రంగులోంచి కాగితం దాకా వెళ్ళి తిరిగి మన కంటికి చేరుతుంది. అంటే మార్కర్‌తో ముదురు చేసుకుంటూ పోగలమే గాని, ఒకసారి కప్పేసిన తెలుపును వెనక్కి తెచ్చుకోలేం. మొదట వేసే లేతరంగే ఒళ్ళంతటికీ పునాది. అది తప్పితే పైన ఎన్ని పొరలు వేసినా ఆ మనిషి ఛాయ కుదరదు.

చిక్కంతా ఆ పునాది దగ్గరే వస్తుంది. ఒంటిరంగుల సెట్ అని రాసి అమ్మే పెట్టెలు నేను చూసినంతవరకు చాలావాటిలో గులాబీ, పీచ్ వన్నెలకు నాలుగైదు మెట్లుంటాయి. ఒక లేత గోధుమరంగు ఉంటుంది. దాని పక్కనే ఒక్క గెంతులో ముదురు చాక్లెట్ రంగు. మధ్యలో మెట్లు లేవు. మన ఊళ్ళలో ఎక్కువమంది నిలబడేది సరిగ్గా ఆ ఖాళీలోనే.

ఈ ఖాళీ మార్కర్లతో పుట్టింది కాదు. అమెరికాలో క్రేయోలా కంపెనీ ఒక లేత గులాబీ రంగు క్రేయాన్‌ను ఏళ్ళతరబడి ‘ఒంటిరంగు’ పేరుతోనే అమ్మి, 1962లో ‘పీచ్’ అని మార్చింది. రకరకాల ఒంటిరంగులతో ప్రత్యేకంగా పెట్టె తేవడానికి 1992 దాకా పట్టింది. 24 ఛాయల పెట్టె 2020లో గాని రాలేదు. వైద్యంలోనూ ఇదే వరస. ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందో చెప్పడానికి థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చేసిన వర్గీకరణలో మొదట ఉన్నవి నాలుగు రకాలు, నాలుగూ తెల్లతోళ్ళవే. గోధుమ, నలుపు ఛాయలను తర్వాత చేర్చి ఆరు చేశారు. ఎలిస్ మంక్ అనే సమాజశాస్త్రవేత్తతో కలిసి గూగుల్ 2022లో పది మెట్ల కొలబద్ద ఒకటి విడుదల చేసింది. ఫోన్ కెమెరాలు, కంప్యూటర్లు అన్ని ఛాయల మనుషుల్నీ సమానంగా గుర్తించాలన్నది దాని ఉద్దేశం. లేతవైపు మెట్లు ముందు కట్టుకుని, మిగతావాళ్ళను తర్వాత తలుచుకోవడం ఇన్నిచోట్ల జరిగినప్పుడు, సెట్ తయారుచేసేవాళ్ళు వడ్డించిందే చాలనుకుని మనం ఊరుకోకూడదు. ఏరుకోవాలి.

ఎలా ఏరుకోవాలన్నది చర్మమే చెబుతుంది. మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌లో రెండు రకాలున్నాయి. యూమెలనిన్ గోధుమ, నలుపు వైపు లాగుతుంది. ఫియోమెలనిన్ ఎరుపు, పసుపు వైపు లాగుతుంది. వీటి కింద నెత్తురు ఎరుపు ఉండనే ఉంది. కాబట్టి ఒక ముఖాన్ని చూసినప్పుడు ఎంత నలుపు, ఎంత తెలుపు అని కొలవడం సగం పనే. ఈ రంగు ఎటు మొగ్గుతోంది, పసుపుకా, ఎరుపుకా, కాస్త బూడిదవన్నెకా అన్నది మిగతా సగం. ఒకే ముదురు ఉన్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు పక్కపక్కన నిలబడితే వేర్వేరుగా కనిపించేది ఈ మొగ్గువల్లే.

జపాన్‌లో 1987లో వచ్చిన కాపిక్ మార్కర్లలో నాకు నచ్చేది ఈ మొగ్గును అంకెల్లో చెప్పడం. వాటిలో 358 రంగులున్నాయి. మూతమీద అక్షరం రంగు కుటుంబాన్ని చెబుతుంది. మట్టి రంగులన్నీ ‘ఇ’ కింద వస్తాయి. మొదటి అంకె పెరిగేకొద్దీ రంగులో బూడిదతనం పెరుగుతుంది, చివరి అంకె పెరిగేకొద్దీ ముదురవుతుంది. ఇ13, ఇ15, ఇ17 వరస ఎరుపు వైపు మొగ్గుతుంది. ఇ33, ఇ35, ఇ37 వరస పసుపు వైపు మొగ్గుతుంది. ఇ29 చిక్కని ముదురు గోధుమ. ఒక్కో మార్కర్ ఖరీదు వందల్లో ఉంటుంది, అందరూ కొనగలిగినవి కావు. ఒహుహు, బ్రుస్ట్రో లాంటివి అంతకంటే తక్కువకే దొరుకుతాయి, వాటితోనూ మంచి పని చేయవచ్చు. అంకెలు బ్రాండుకో రకంగా ఉంటాయి కాబట్టి అక్కడ మూతను నమ్మకుండా కంటినే నమ్ముకోవాలి.

నేను ఎవరికైనా రాసిచ్చే చీటీ ఇది. పసుపు మొగ్గున్న గోధుమరంగులు మూడు, ఎరుపు మొగ్గున్నవి మూడు. ప్రతి మూడింటిలో ఒకటి వెలుగుకు, ఒకటి ఒంటికి, ఒకటి నీడకు. పక్కపక్క అంకెలు కొంటే తేడా తెలియదు, మరీ దూరమైతే కలవవు, రెండేసి అంకెల ఎడం సరిగ్గా ఉంటుంది. వీటికి తోడు ఒక చిక్కని ముదురు గోధుమ, ఒక లేత ఊదా. మొత్తం ఎనిమిది. విడిగా అమ్మే కొట్టు ఉంటే విడిగానే కొనుక్కోండి. కొట్లో తెల్లకాగితం మీద గీసి, ఆ కాగితం పట్టుకుని ఒకసారి బయటి వెలుతురులోకి రండి. లోపలి లైట్ల కింద పసుపనుకున్నది బయట గులాబీగా తేలవచ్చు. తడి మీద ముదురుగా కనిపించే రంగు ఆరాక లేతబడుతుంది, అందుకని కాసేపు ఆగి చూడండి. ఇంటికొచ్చాక మీరు రోజూ బొమ్మలు వేసే కాగితం మీదే అన్ని రంగులకూ గళ్ళు గీసి, ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలు వేసి గోడకు అంటించుకోండి. మూత రంగుకూ కాగితం మీది రంగుకూ పొంతన ఉండదని ఆ ఒక్క కాగితమే నేర్పుతుంది.

ముదురు ఛాయ మనిషిని వేసేటప్పుడు చాలామంది పీచ్ రంగుతో మొదలుపెట్టి దానిమీద గోధుమ, దానిమీద నలుపు పేర్చుకుంటూ పోతారు. కాగితం నానిపోతుంది, ముఖం మసిబారుతుంది. ముదురు ఒళ్ళు లేత ఒంటికి మసి పూస్తే వచ్చేది కాదు. దానికి వేరే వెలుగుంది. ఆ ముఖానికి పునాదే మధ్యరకం గోధుమరంగు కావాలి. నుదుటిమీద, ముక్కుదూలం మీద, చెంప ఎముక మీద మెరుపు లేత ఒంటిమీదకంటే స్పష్టంగా, చల్లగా ఉంటుంది, ఆరుబయట అయితే ఆకాశం నీలం అందులో కనిపిస్తుంది. అక్కడ కాగితాన్ని ముందే కాపాడుకుని, చివర్న పలుచని నీలం తాకించాలి. నీడకు నలుపు, బూడిద వద్దు. కింద లేత ఊదా వేసి పైన ఎర్రటి గోధుమ నడిపితే నీడలో కూడా నెత్తురున్నట్టుంటుంది. అరచేతులు, అరికాళ్ళు లేతగా, కాస్త గులాబీగా ఉంటాయి. మోచిప్పలు, వేళ్ళ కణుపులు ముదురుగా ఉంటాయి. శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య చందమామ, యువ పత్రికలకు వేసిన బొమ్మల్ని ఈ కంటితో మళ్ళీ చూడండి. ఆయన స్త్రీల ఒంటిమీద చీర రంగు, చెట్టు నీడ, సాయంత్రపు ఎరుపు వచ్చి వాలుతుంటాయి. ఆయన వాడినవి నీటిరంగులు, మన చేతిలోవి మార్కర్లు. చూడాల్సిన తీరు మాత్రం మారలేదు.

ఛత్తీస్‌గఢ్ నాకు నేర్పిన పాఠం ఒకటుంది. ఇక్కడ పాతతరం ఆడవాళ్ళ ముంజేతుల మీద గోద్నా ఉంటుంది, మనం పచ్చబొట్టనేది. బైగా గిరిజన స్త్రీల ఒంటిమీద మరీ విస్తారంగా ఉంటుంది. మహానది పరిసర పల్లెల్లో రామ్‌నామీ సంప్రదాయానికి చెందిన పాతతరం వాళ్ళు కొందరు ఒళ్ళంతా రామనామమే పొడిపించుకున్నారు. శాస్త్రి బజార్‌లో ఆకుకూరలు అమ్మే ఒక పెద్దావిడను, “దాయీ, మీ చెయ్యి బొమ్మ వేసుకోనా?” అని అడిగితే, కట్టలు సర్దడం ఆపకుండానే చెయ్యి కాస్త నావైపు తిప్పింది. దగ్గరగా చూస్తే ఆ గీతలు నల్లనివి కావు. బూడిద కలిసిన నీలాకుపచ్చ. ఒకప్పుడు సూదితో పడ్డ సన్నని చుక్కలు ఏళ్ళు గడిచి అంచులు చెదిరి, ఒకదాన్నొకటి తాకుతున్నాయి. గీత చర్మం మీద లేదు, చర్మం లోపల ఉంది. మణికట్టు దగ్గర ఎండ తిన్న చర్మంలో దాదాపు కలిసిపోయి, మోచేతి లోపలివైపు లేతచోట బాగా తేలుతోంది.

దీన్ని నల్ల పెన్నుతో పైన గీస్తే అచ్చం స్టిక్కర్ అంటించినట్టు వస్తుంది. మార్కర్‌తో దారి వేరు. ముందు కాగితం మీద నీలాకుపచ్చ సన్నమొనతో పచ్చబొట్టు గీసి ఆరనివ్వాలి. తర్వాత దానిమీదుగా గోధుమరంగు ఒకే ఊపులో నడపాలి. ఆల్కహాల్ కింది గీతను కొంచెం కరిగిస్తుంది, అంచులు మెత్తబడి చెదురుతాయి. గోధుమరంగు పైనుంచి కప్పుతుంది. పచ్చబొట్టు అచ్చంగా చర్మం కిందికి దిగిపోతుంది. గీత చెదరడం ఇతర బొమ్మల్లో లోపం. ఇక్కడ అదే నిజం. అందుకే మిగతా బొమ్మ గీతలన్నీ మాత్రం ఆల్కహాల్‌కు కరగని పిగ్మెంట్ సిరా పెన్నుతో గీసుకోవాలి, లేదంటే కనురెప్పలూ పెదవులూ కూడా ఒంట్లో కలిసిపోతాయి.

కాగితం, వాతావరణం కూడా ఎంపికలో భాగాలే. గరుకు కాగితం రంగు తాగేస్తుంది, మార్కర్ మొన అరగదీస్తుంది. నున్నటి, మందపు బ్రిస్టల్ కాగితం గాని, మార్కర్ల కోసమే చేసే కాగితం గాని వాడాలి. ఎలాగూ రంగు వెనక్కి దిగుతుంది కాబట్టి అడుగున ఒక పాత కాగితం పెట్టుకోవాలి. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటాం మనం. ఆ కార్తెలో మొదటి తొమ్మిది రోజుల్ని ఇక్కడ నౌతపా అంటారు. ఆ ఎండల్లో ఆల్కహాల్ చెయ్యి కదిలేలోపే ఆరిపోతుంది, రెండు రంగులు కలిసే వ్యవధి ఉండదు. అప్పుడు ఫ్యాన్ గాలికి దూరంగా జరిగి, నుదురు ఒకసారి, చెంప ఒకసారి, మెడ ఒకసారి అన్నట్టు చిన్నచిన్న భాగాలుగా పూర్తిచేసుకోవాలి. గది తలుపులు మాత్రం తెరిచే ఉంచాలి, ఆ వాసన మూసిన గదిలో మంచిది కాదు. రెండు మొనల మార్కర్లను నిలబెట్టకుండా పడుకోబెడితే సిరా రెండువైపులా సమానంగా ఉంటుంది. ఈ రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అసలు బొమ్మను ఎండ తగిలే గోడకు తగిలించకుండా, స్కాన్ చేసుకుని ఫైల్లో దాచుకోవాలి.

ఇంతా చెప్పింది చిత్రకారులకే కాదు, పుట్టినరోజుకు పిల్లలకు మార్కర్ల సెట్ కొనిచ్చే పెద్దలకు కూడా. పెట్టె మీద ఎన్ని రంగులని రాసి ఉందో చూసి మురిసిపోకండి. తెరిచి, గోధుమరంగులన్నీ ఏరి ఒక తెల్లకాగితం మీద గీయించండి. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ, తాతమ్మ నుంచి పనిలో సాయానికి వచ్చే అక్క దాకా, ఆ గీతల పక్కన తమ చెయ్యి పెట్టి చూసుకోనివ్వండి. ఎవరి చేతికి జోడీ దొరకలేదో ఆ రంగు మర్నాడే విడిగా కొనిపెట్టండి. మనుషుల్ని వేయడం నేర్చుకుంటున్న బిడ్డకు మిగతా వంద రంగులకంటే ముందు కావలసింది ఆ ఒక్క మార్కరే.