అచ్చుకు ముందే చందా

ఇష్టమైన సినిమా మీదో, నవల మీదో అభిమానులు కూడి తెచ్చే చిన్న పత్రిక ఫ్యాన్‌జీన్. బొమ్మలు వేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు తలో ఊళ్లో ఉంటారు. ప్రెస్సుకు కట్టాల్సిన డబ్బు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. ముందస్తు ఆర్డర్లు రాకపోతే ఆ పుస్తకం అచ్చు మొహం చూడదు.

అమెరికాలో 1930లో ‘ది కామెట్’తో ఈ పత్రికలు మొదలయ్యాయి. 1967లో స్టార్ ట్రెక్ అభిమానులు ‘స్పాకనేలియా’ తెచ్చాక వీటికి ఊపొచ్చింది. అప్పట్లో సొంత చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు సంపాదకులకు పంపితే సంచిక కబురు అందేది. తెలుగు పుస్తకాల తొలి పేజీల్లో రాజపోషకులు, పోషకులు, శాశ్వత చందాదారులంటూ అచ్చయ్యే పేర్ల వెనకా పుస్తకం చూడకముందే డబ్బు కట్టే ఇలాంటి నమ్మకమే ఉంది.

ఆర్డర్లు ముందే తీసుకోవడానికి కారణం లెక్కలో ఉంది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకూ, మిషను సిద్ధం చేయడానికీ పన్నెండు వేలు, ఆపై కాగితానికీ బైండింగుకూ ప్రతికి తొంభై అనుకుందాం. వంద ప్రతులు వేస్తే ఒక్కోటి 210 రూపాయలు పడుతుంది. మూడు వందలు వేస్తే 130కే వస్తుంది. ఎన్ని వేయాలో తెలియకుండా ధర కట్టడం కష్టం. అందుకే ముందు ‘కొంటారా’ అని ఒక ఫారం పెట్టి అడుగుతారు. అందులో అవునన్న వాళ్లంతా డబ్బు కట్టరు. ఆ సంఖ్యను నమ్మి ప్రెస్సుకు మాటివ్వడం ప్రమాదం.

ప్రచారంలో నాకు బాగా నచ్చేది తునకలు చూపించే పద్ధతి. ఒకే రోజున, ఒకే గంటకు, పాల్గొన్న ప్రతి ఒక్కరూ తమ బొమ్మలో ఓ మూల ముక్కను బయటపెడతారు. గాజులున్న చెయ్యి, కిటికీ అంచు, కథలోంచి రెండే వాక్యాలు. మిగతాది పుస్తకంలోనే చూడాలి. ముప్ఫై మంది ఉంటే ముప్ఫై పాఠక బృందాలకు కబురు చేరుతుంది. ఫ్యాన్‌జీన్ ఉమ్మడి పని కావడంలోని అసలు బలం ఇక్కడే కనిపిస్తుంది. ఆర్డర్లు సాధారణంగా మొదటి రోజుల్లోనూ, గడువు ముగిసే ముందూ ఎక్కువగా వస్తాయి. నడుమ మందగిస్తాయి. అప్పుడు రచయితలను ఒక్కొక్కరినీ పరిచయం చేస్తూ పోవాలి. రోజూ ‘కొనండి’ అంటూ పోతే జనం విసుక్కుంటారు.

కానుకల దగ్గర చెయ్యి బిగించాలి. ఆర్డర్లు ఇన్ని దాటితే స్టిక్కర్, ఇంకా దాటితే కీచైన్ అని ఉత్సాహంగా ప్రకటిస్తారు. బరువు కాస్త పెరిగి పార్సిల్ తర్వాతి పోస్టల్ స్లాబులోకి వెళితే మిగులు కాస్తా తపాలా ఖర్చుకే పోతుంది. ప్యాకింగుతో సహా నమూనా ప్రతిని తూకం వేశాకే ధర ప్రకటించాలి. దారిలో నలిగే వాటి కోసం కొన్ని ప్రతులు అదనంగా వేయించాలి.

డబ్బు ముందే తీసుకున్నాక ఆలస్యాలు తప్పవు. రంగు తేడా రావచ్చు, ప్రెస్సులో పెళ్లిపత్రికల సీజన్ అడ్డు పడవచ్చు. కట్టినవాళ్లు ఆలస్యాన్ని ఓర్చుకుంటారు, మౌనాన్ని ఓర్చుకోరు. ఏమీ జరగని వారంలో కూడా ‘ఇంకా ప్రూఫు రాలేదు’ అని రాయాలి. డబ్బు చూసేది ఒకరైనా ఖాతా ఇద్దరికి కనిపించాలి. సేవాసంస్థకిస్తామని వసూలు చేస్తే రసీదు బయట పెట్టాలి. మిగిలిన ప్రతులను అమ్మకానికి పెట్టేది ముందుగా కట్టిన వాళ్లందరి పార్సిళ్లూ పోస్టాఫీసు దాటాకే.