దొంగ అనే ముద్రకు కంప్యూటరు కాపలా

పోలీసు రికార్డులన్నీ కంప్యూటర్లకెక్కాయని ప్రభుత్వాలు గొప్పగా చెప్పుకుంటున్నాయి. నేరాల, నేరస్తుల వివరాలను దేశమంతా ఒకే వలలోకి తెచ్చే సీసీటీఎన్ఎస్ పథకానికి 2009లో కేంద్రం 2,000 కోట్ల రూపాయలతో ఆమోదం తెలిపింది. ఇవాళ 17 వేలకు పైగా పోలీసు స్టేషన్లు అందులో ఉన్నాయి. 2022లో వేలిముద్రల కోసం నాఫిస్ వచ్చింది. నేరం కింద అరెస్టయిన మనిషికి అందులో పది అంకెల నంబరు ఇస్తారు. చచ్చేదాకా అదే నంబరు. ఎన్ని రికార్డులు చేరాయి, ఎంత వేగంగా దొరుకుతున్నాయి అన్న లెక్కలు మనకు బాగానే వినిపిస్తున్నాయి. మేం అడిగేది వేరు. ఇందులో ఎవరి పేరు ఎక్కుతోంది? ఎక్కిన పేరు ఎప్పుడు దిగుతుంది?

ఈ రికార్డుల పుట్టుక తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. 1871లో తెల్లదొరలు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజ్యానికీ తగిలించారు. నేరం చేశాడా లేదా అని కాదు, ఏ కులంలో పుట్టాడన్నదే చాలు, పేరు రిజిస్టర్లో పడేది. వేలిముద్రలు తీసుకునేవాళ్లు. హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. కొందరిని పిలిచే పేరులోనే 'దొంగ' చేర్చి దొంగ దాసరి అని రాసుకున్నారు. బాపట్ల దగ్గర ఎరుకల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్మెంటుకు స్టువర్ట్ అనే దొర పేరు పెట్టారు. స్టువర్టుపురం పేరు చెప్పుకుని 1991లో ఒక సినిమా వచ్చింది, 2023లో ఇంకొకటి వచ్చింది. అక్కడి బడిపిల్లలు మాత్రం ఊరిపేరు చెప్పడానికి ఎందుకు జంకాలి?

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని చోటులోకి రాష్ట్రాల్లో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 1962లో చేసుకుంది. కులం మీద ఉన్న బోర్డు తీసి మనిషి మెడలో వేశారు. స్టేషన్లలో హిస్టరీ షీటు, సస్పెక్ట్ షీటు, రౌడీ షీటు నిలిచిపోయాయి. మనం నోరారా తిట్టుకునే 'కేడీ' అనే మాట కూడా పోలీసు రిజిస్టర్లోని రెండు ఇంగ్లీషు అక్షరాలే. రిజిస్టరు అంతగా మన నోళ్లలోకి దిగిపోయింది.

కంప్యూటరుకు కులం తెలియదు కదా అని కొందరు మిత్రులు అంటారు. నిజమే, దానికి తెలియదు. కానీ దానికి మేత పెట్టేది ఆ పాత షీట్లే. ఎరుకలవాడలో ఎక్కువసార్లు సోదా చేస్తే అక్కడి పేర్లే ఎక్కువగా ఎక్కుతాయి. ఎక్కువ పేర్లు ఉన్నాయి కాబట్టి మళ్లీ అక్కడికే జీపు వస్తుంది. ఇదివరకు ఆ అనుమానం ఒక స్టేషను బీరువాలో ఉండేది, ఎస్సై మారితే కొంత మరుగున పడేది. ఇప్పుడు పొట్టకూటికి పక్క రాష్ట్రం పోయినా వెంట వస్తుంది.

ఈ మాట మేం ఒక్కరమే అనడం లేదు. 2024 మే 7న అమానతుల్లా ఖాన్ కేసులో సుప్రీంకోర్టు, వెనకబడ్డ బతుకుల్లో పుట్టారన్న కారణానికే అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలో ఎక్కకుండా చూడాలని రాష్ట్రాలకు చెప్పింది. విముక్త జాతుల ప్రస్తావన ఆ తీర్పులోనే ఉంది. అదే ఏడాది అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో జైలు రిజిస్టర్లలోంచి కులం కాలమ్ తీసేయమంది. 2025 సెప్టెంబరులో అలహాబాదు హైకోర్టు పోలీసు రికార్డుల్లో నిందితుల కులం రాయొద్దంది. మంచిదే. కానీ కాలమ్ కొట్టేస్తే సరిపోతుందా? మన ఊళ్లలో ఇంటిపేరు చాలు, 'ఫలానా గూడెం' అన్న అడ్రసు చాలు, కులం తెలిసిపోతుంది.

అసలు చిక్కు దిగే దారి దగ్గర ఉంది. 1920 నాటి చట్టం ప్రధానంగా వేలిముద్రలు, పాదముద్రలు, ఫోటోలతో ఆగింది. దాని స్థానంలో 2022లో వచ్చిన చట్టం కనుపాప దాకా, రక్తం లాంటి నమూనాల దాకా పోయింది. ఆ కొలతలను 75 ఏళ్లు దాచొచ్చు. అంతకుముందు శిక్ష పడని మనిషి నిర్దోషిగా బయటపడితే చెరిపేయాలని అదే చట్టం చెబుతోంది గానీ, అన్ని న్యాయమార్గాలూ ముగిశాకే. అదీ కోర్టు వద్దనకపోతేనే. అప్పీళ్లు ముగిసేదాకా ఎన్నేళ్లు? తన ముద్ర చెరిగిందో లేదో కూలికి పోయే మనిషికి ఎవరు చెబుతారు?

ఇక రెండోవైపు చూద్దాం. మన వాడల మీద పడేవాళ్ల సంగతేమిటి? 1989 అత్యాచారాల నిరోధక చట్టం 10వ సెక్షన్ కింద, నేరం చేయబోతున్నాడనుకున్న వాణ్ణి షెడ్యూల్డు ప్రాంతాల నుంచి వెళ్లగొట్టొచ్చు. 2015 సవరణతో అత్యాచారాలు జరిగే అవకాశముందని గుర్తించిన ప్రాంతాలూ అందులో చేరాయి. అలా వెళ్లగొట్టినవాడి కొలతలు, ఫోటోలు తీసుకోవచ్చని 12వ సెక్షన్ చెబుతోంది. ఎరుకలవాడి వేలికి సిరా పూయడం 1911 నుంచీ వచ్చిన పోలీసులకు, ఆ సెక్షన్ కింద ఊరి పెత్తందారు వేలికి పూయడం ఎంతమందికి వచ్చు? రికార్డు ఎవరిమీద రాయాలో నిర్ణయించే చెయ్యి మారనంతకాలం, యంత్రం ఎంత కొత్తదైనా రాసేది పాత రాతే.

అందుకని మేం యంత్రాన్ని పగలగొట్టమని అడగడం లేదు. షీటు తెరిస్తే కారణంతో సహా ఆ మనిషికి రాతపూర్వకంగా చెప్పాలి. కేసు కొట్టేసిన కోర్టు నుంచే చెరిపివేత ఉత్తర్వు నేరుగా డేటాబేసుకు పోవాలి, బాధితుడు తిరగనక్కర్లేదు. ఏ సామాజిక వర్గాల మీద ఎన్ని షీట్లున్నాయో పేర్లు బయటపెట్టకుండా ఏటా ప్రకటించాలి.

ఈ మూడోదాని కోసం ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. కార్యకర్తలు, విద్యార్థులు, టీచర్లు ఎవరి స్టేషనులో వాళ్లు దరఖాస్తు పెట్టండి. ఎన్ని షీట్లు తెరిచారు, ఎన్ని మూశారు, కేసు కొట్టేశాక కూడా ఎన్ని నడుస్తున్నాయి అని అడగండి. వచ్చిన జవాబులూ, ఇవ్వం అన్న జవాబులూ రెండూ దాచిపెట్టండి. మన మీద వాళ్లు రాసుకున్న రికార్డుకు ఎదురుగా పెట్టడానికి మనకూ ఒక రికార్డు కావాలి.