వత్తు దగ్గర ఆగిన బాలుడు

ఆలమూరు నుండి జొన్నాడ మీదుగా రహదారి పట్టి, కడియపులంక మొక్కలతోటలను దాటి, ప్రతి శనివారము సాయంకాలము రాజమహేంద్రవరమునందలి యొక మురికివాడకు పోయి, అచ్చటి రామమందిరపు అరుగుమీద పిల్లలను కూర్చుండబెట్టుకొని చదువు చెప్పుట ఉద్యోగవిరమణానంతరము నాకు పట్టుకొన్న వ్యసనము. వ్యసనమని యేల యంటిననగా, మొదటి సంవత్సరము నేను చేసినది విద్యాదానము కాదు, నా తృప్తికై నేను జరుపుకొన్న ఉత్సవము: నోటుపుస్తకములు పంచితిని, పద్యపఠనమున పోటీలు పెట్టితిని, బిస్కత్తు పొట్లములతో ఇండ్లకు పంపితిని.

నా కన్ను తెరిపించినవాడు అయిదవ తరగతి బాలుడొకడు. పాఠము చదువుమనగా గుక్క తిప్పుకొనక గడగడ ఒప్పగించెను; కాని వ్రేలొక పంక్తిమీదను, నోరు వేఱొక పంక్తిమీదను ఉండుట గమనించి, పుస్తకము మూసి, సుద్దముక్కతో అరుగుమీద ‘కొబ్బరి’ యని వ్రాసితిని. చాలసేపు చూచి ‘కొబరి’ యనెను.

“మరి పాఠమంతా ఎలా చదివావురా?” అంటిని.

“చూసి కాదండి మేష్టారూ, విని పట్టేశానండి. కింద తోకుంటే రాదండి నాకు” అని తల వంచుకొనెను.

ఆ తోక వత్తు. అక్షరములు, గుణింతములు వానికి వచ్చును. తల్లి పనికి పోగా చెల్లెలిని ఎత్తుకొని ఇంట నిలిచిపోయిన ఏ నెలలోనో వత్తు దగ్గర చదువు తెగినది, తరగతి మాత్రము ఏటేట పెరిగినది.

కడియపులంకలో మొక్కకు తొట్టి మార్చువాడు దాని వయస్సు నడుగడు. మట్టిగడ్డను అరచేత బట్టి వేరెంతవరకు సాగినదో చూచును. 1995లో ముంబయి మురికివాడలలో పని మొదలుపెట్టిన ‘ప్రథమ్’ సంస్థవారిదియు ఈ చూపే. వారి ‘బాలసఖి’ పద్ధతిలో, ఆ ప్రాంతపు యువతియే, మూడు నాలుగు తరగతులలో వెనుకబడిన 15, 20 మందిని బడివేళలలోనే వేఱుగా కూర్చుండబెట్టుకొని, దినమునకు రెండు గంటలు, జరుగుచున్న పాఠమును గాక రాక నిలిచిన పాఠమును చెప్పెడిది. 2019లో నోబెల్ పురస్కారమందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ప్రభృతులు ముంబయి, వడోదరలలో దీనిని పరీక్షించి, మిక్కిలి వెనుకబడినవారే ఎక్కువ లాభపడిరని తేల్చిరి. మన హైదరాబాదున 1981లో వెలసిన మామిడిపూడి వేంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హాగారి నాయకత్వమున, పనులనుండి విడిపించిన పిల్లలను ముందు శిబిరములలో చదివించి, పిదప ఈడుకు తగిన తరగతిలో చేర్పించెను. ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించెను. బడికి దూరమైన బిడ్డకు ఇట్టి ప్రత్యేక శిక్షణ ఈయవలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టమును చెప్పినది. అయితే బడిలోనే యుండి వత్తు దగ్గర ఆగినవానిని చట్టము కనిపెట్టజాలదు. అందుకు ప్రక్కన కూర్చుండి వినువారొకరు కావలెను.

ఆ దినముతో పోటీలు మానితిని. అమ్మ, అక్క, అవ్వ, బువ్వ యను ఇంటిమాటలనే గైకొని వానికి వత్తులను ఒక్కొక్కటిగా పరిచయము చేసితిని. అద్భుతమేమియు జరుగలేదు, ద్విత్వములకే రెండు నెలలు పట్టినది, సంయుక్తముల దగ్గర నేటికిని తడబడును. కాని మొన్న నన్ను బస్సెక్కింప వచ్చి, దాని నుదుటి పలకను చూచి, కూడబలుకుకొని ‘కొత్తపేట’ యని చదివి, “ఇందులోనూ తోకుందండి” అనెను.

పాఠకులారా, మీ వీధి చివరను ఇట్టి పిల్లలుందురు. వారమునకొక గంట ఈయగలిగినచో, నోటుపుస్తకములు కొనుటకు ముందు నాలుగు పంక్తులు చదివించి, నడుమ దిద్దక తుదివరకు వినుడు. ఎచ్చట ఆగుదురో అచ్చటనే మొదలుపెట్టుడు.