ఫిడేలు మాస్టారి చెవి

ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పిన విజయనగరం సంగీత కళాశాలలోనైనా, వీధి చివరి ఇంటి వరండాలోనైనా, ఫిడేలు మాస్టారు పని చేస్తుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు. ఫిడేలుకు వీణలా మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనాలో చెవికే తెలియాలి. ఆ చెవిని తయారుచేసేది మాస్టారే. ముందు బిరడలు తిప్పి నాలుగు తంతులనూ స, ప, స, ప శ్రుతికి తెస్తారు. పిల్ల మఠం వేసుకుని కూర్చుని, ఫిడేలు తల కుడి పాదం మీద ఆనించి, మాయామాళవగౌళలో సరళీ వరసలు మొదలుపెడుతుంది. ఆ రాగంలో రిషభం షడ్జమానికి బాగా దగ్గర. వేలు వెంట్రుకవాసి జారి స్వరం హెచ్చిందా, మాస్టారు కోప్పడరు. “ఇంకాస్త వెనక్కి రామ్మా” అంటూ తన ఫిడేలు మీద అదే స్వరం పట్టి నిలుపుతారు. పిల్ల వేలు జరిగి జరిగి రెండు స్వరాలూ ఒక్కటయ్యాక, మెల్లగా తన కమాను ఎత్తేస్తారు. ఎప్పుడు ఎత్తెయ్యాలో ఎంత బాగా తెలుసో ఆయనకి! ఆపైన తొడ మీద ఆదితాళం వేస్తూ పిల్ల చేత మూడు కాలాలూ వాయింపజేస్తే గానీ వదలరు. మూడో కాలంలో కమాను తడబడితే మళ్ళీ మొదటి కాలమే. నేర్చుకున్న వాళ్ళంతా కచేరీలు చెయ్యకపోవచ్చు. కానీ గుళ్ళో నాదస్వరం వినపడితే ఆ పిల్ల నిలబడి, అది ఏ రాగమో పక్కవాళ్ళకి చెప్పగలదు.