శంకరప్ప అడిగిన కూలి

పోయిన ఆదివారం రాజమండ్రిలో ఒక పుస్తకావిష్కరణ సభకు వెళ్లాను. చివర్లో భీమవరం నుంచి వచ్చిన కుర్రాడొకడు లేచి నిలబడ్డాడు. రొయ్యల మేత కంపెనీలో లెక్కలు రాస్తాడట. కథలు కొన్ని అచ్చయ్యాయి, నవల మొదలుపెట్టాడు. "ఉద్యోగం మానేసి రాసుకుందామనుందండీ, ఏమంటారు?" అనడిగాడు. వేదిక మీది పెద్దలందరిదీ ఒకటే మాట: ముందు కూడు, తర్వాతే కథ. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది.

ఎందుకంటే ఆ సభలో మైకువాడికి డబ్బిచ్చారు, టిఫిన్లవాడికిచ్చారు, శాలువాల కొట్టుకిచ్చారు. పుస్తకం మాత్రం వచ్చినవాళ్లందరికీ ఊరికే పంచారు. ఆత్రేయపురం దాకా వెళ్లి పూతరేకులు కొనుక్కొచ్చేవాళ్లం, తెలిసినాయన పుస్తకం వేస్తే "మాకో కాపీ పంపండి" అంటాం. రాసినవాడి చేతిలో రూపాయి పడకుండా చూసేదీ మనమే, కథ కూడు పెట్టదని వాడికి బుద్ధి చెప్పేదీ మనమే.

ఆ కుర్రాడికి "మానెయ్యి నాయనా" అని ఉత్తరం రాద్దామని కూర్చున్నాను. సాక్ష్యానికి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు ముందేసుకున్నాను. 1891లో పొలమూరులో వైదికుల ఇంట పుట్టి, వేదమూ సంస్కృతమూ చదివి పెద్దల దారిన పోవలసినవాడు, ఇంట్లోవాళ్లకి రుచించకపోయినా తెలుగుని పట్టుకున్నాడు. రాజమండ్రిలో కాపురం పెట్టి డెబ్భైకి పైగా కథలు రాశాడు.

"వడ్లగింజలు" తెరిచాను. తెరిస్తే ఉత్తరం సంగతి మరిచిపోయాను. తంగిరాల శంకరప్ప బీదవాడు. చేతిలో ఉన్నది చదరంగం ఒక్కటే. పెద్దాపురం మహారాజుతో ఆడాలని వస్తే వాకిలి దాటడమే గండమైంది. "గులాబీ అత్తరు"లో అత్తరు చేసి తెచ్చిన ఖాను సాహెబుకీ అదే పెద్దాపురం, అవే తిప్పలు. పనితనం ఉన్నవాడికీ దాని విలువ తెలిసిన ప్రభువుకీ మధ్య నిలబడే నౌకర్ల మీద శ్రీపాదకున్నంత కసి మరో తెలుగు కథకుడిలో నేను చూడలేదు. శంకరప్ప చివరికి ఆడతాడు, గెలుస్తాడు. ఏం కావాలంటే వడ్లగింజలంటాడు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్లూ. లెక్క కడితే 1,84,467 కోట్ల కోట్లు దాటుతుంది. రెండు గోదావరి జిల్లాలూ ఎన్ని తరాలు పండించినా ఆ బాకీ తీరదు. విద్యకి ఖరీదు కట్టమంటే ఇంత ధీమాగా కట్టినవాడు నాకు తెలిసి శంకరప్పే. ఈ కథ చదివినప్పుడల్లా నాకు కడుపు నిండుతుంది.

అయితే ఆ శంకరప్పని సృష్టించినాయన ఏం తిని బతికాడు? ఇక్కడే నా సాక్షి ఎదురు తిరిగాడు. శ్రీపాద ఆయుర్వేదం పట్టుకున్నాడు, వైద్యగ్రంథాలు రాశాడు, ప్రబుద్ధాంధ్ర పత్రిక నడిపాడు, రామాయణం తెలుగు వచనంలోకి తెచ్చాడు. 1956లో కనకాభిషేకం జరిగేసరికి ఆయనకి అరవై అయిదేళ్లు. ఒక్క కథల మీదే బతికిన రోజులు ఆ జీవితంలో నాకు కనబడలేదు. పైగా "మార్గదర్శి"లో ఆయన కుర్రాళ్లకి చెప్పింది వ్యాపారం చేసుకోమని! ఆ కథలో బేరసారాల ఒడుపు చూడండి. సంసారాల లోగుట్టు తెలిసిన చెయ్యి రాసినవి ఆయన కథలన్నీ. పదిమంది మధ్య పదిరకాల పనులు చేయకుండా గదిలో కూర్చున్నవాడికి జనం మాటలు వినబడవు.

శ్రీపాద ఒక్కడే కాదు. పాలగుమ్మి పద్మరాజుగారు రసాయనశాస్త్రం పాఠాలు చెబుతూనే కథలు రాశారు. "గాలివాన"కి న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. అంత పేరొచ్చాక కూడా ఆయన సినిమాలకి రాయవలసి వచ్చింది. హాస్యరచయిత భమిడిపాటి కామేశ్వరరావుగారు ఈ రాజమండ్రిలోనే బడిపంతులు.

చివరికి ఉత్తరం ఇలా రాశాను. ఉద్యోగం మానకు. పెద్దలు చెప్పిన కారణానికి మాత్రం కాదు. వైట్‌స్పాట్ తెగులు వచ్చి రొయ్యల చెరువు పోయినవాడు మేత బాకీ గురించి మాట్లాడటానికి నీ బల్ల ముందుకి వస్తాడు. రొయ్య ఎదగలేదని చెప్పేటప్పుడు వాడు ఎటు చూస్తాడో నీకు తెలుసు, నాకు తెలియదు. డెల్టాలో వరిచేలు చెరువులైన కథ నీ లెక్కల పుస్తకంలో ఉంది. రొయ్యల పట్టుబడులు ముమ్మరంగా ఉన్న నెలల్లో రాత పడకేస్తుంది, దానికి బెంగపడకు. ఆ నెలల్లో విను, తర్వాత రాయి. కథ అడిగిన ప్రతివాణ్ణీ ఎంతిస్తారో ముందే అడుగు. నోరు పెగలకపోతే శంకరప్పని తలుచుకో.